మారియో జారాడు, డేవ్ ఆగాడు

తొంభైల్లో చిన్న ఊళ్లలో పెరిగినవాళ్లకు ఒక వింత గుర్తుండే ఉంటుంది. బజార్లో దొరికే వీడియోగేమ్ డబ్బా ఒకటి ఉండేది. దాన్ని టీవీకి తగిలించి పైన క్యాసెట్ దూర్చితే మారియో పరుగెత్తేవాడు. అతను కుడివైపు నడిచినకొద్దీ కొండలు, మబ్బులు, పచ్చ గొట్టాలు ఎడమవైపుకి నున్నగా జారిపోయేవి. ఎక్కడా కుదుపు లేదు. అదే కాలంలో, దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన కంప్యూటర్లో ‘డేంజరస్ డేవ్’ అనే ఆట ఉండేది. ఎర్ర టోపీ పెట్టుకున్న డేవ్ వజ్రాలు ఏరుకుంటూ, కప్పు అందుకుని, తలుపు దగ్గరికి వెళ్లాలి. డేవ్ తెర అంచుకు చేరగానే ఆట కాసేపు ఆగేది. తెర మొత్తం గళ్లుగళ్లుగా పక్కకి జరిగేది. జరగడం పూర్తయ్యాక ఆట మళ్లీ మొదలయ్యేది.

ఆటబొమ్మకి చేతనైన పని కంప్యూటర్‌కి ఎందుకు చేతకాలేదు? చిన్నపిల్లల ప్రశ్నలా కనబడుతుంది గానీ, దీని వెంట పోతే పాత హోమ్ కంప్యూటర్ల చరిత్ర సగం తెలుస్తుంది. తెలుగు అక్షరం తెరకెక్కడానికి ఎందుకంత తిప్పలు పడిందో కూడా తెలుస్తుంది.

నేను పెరిగింది నారాయణఖేడ్‌లో. అప్పటి మెదక్ జిల్లాకి పడమటి కొస, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. కర్ణాటక, మహారాష్ట్ర రెండూ దగ్గరే. ఒకే దుకాణం ముందు నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి. ఊరికి రైలు లేదు, ఏది రావాలన్నా బస్సులోనే. కంప్యూటర్ కూడా అట్లనే వచ్చింది. దానికి గుడ్డ కప్పి, చెప్పులు బయట విడిచి లోపలికి రమ్మనేవారు. డేవ్‌ని మేం చూసింది ఆ గుడ్డ కిందే, సారు లేని పూట.

పటం చుట్టేవాళ్లు

‘స్క్రోలింగ్’ అనే మాట మనకి టీవీ వార్తల వల్ల అలవాటైంది. ‘కింద స్క్రోలింగ్ వస్తోంది చూడు’ అంటాం. స్క్రోల్ అంటే అసలు అర్థం చుట్ట. కాగితం చుట్ట, గుడ్డ చుట్ట. ఆ లెక్కన తెలంగాణలో ఈ విద్య తెలిసినవాళ్లు కంప్యూటర్‌కి ఎన్నో తరాల ముందే ఉన్నారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకి చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, దానిమీద కులపురాణాన్ని అడ్డపట్టీలుగా, ఒకదాని కింద ఒకటి చిత్రిస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడిగెలవాళ్లు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక కొస చుడుతూ ఇంకో కొస విప్పుతూ కథ నడుపుతారు.

ఇందులో ఒక సంగతి గమనించండి. కథ ముందుకు జరిగినప్పుడు ఎవరూ బొమ్మని మళ్లీ వెయ్యరు. వేసిన బొమ్మ వేసినట్టే ఉంటుంది. మారేదల్లా, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కనబడుతోందన్నది. పాత కంప్యూటర్ల మీద ఆటలు రాసినవాళ్లు పదేళ్ల పాటు పడ్డ తంటాలన్నీ ఈ ఒక్క ముక్క తమ యంత్రానికి నేర్పడానికే.

లెక్క ఎక్కడ తప్పుతుంది

కంప్యూటర్ తెర మీద కనబడే ప్రతి చుక్కకీ మెమరీలో ఒక చోటు ఉంటుంది. ఇలా చుక్కచుక్కనీ విడివిడిగా దాచుకునే పద్ధతిని బిట్‌మ్యాప్ అంటారు. వీడియో చిప్ ఆ మెమరీని పైనుంచి కిందికి చదువుకుంటూ, సెకనుకి 50 సార్లో 60 సార్లో తెర మీద గీస్తూనే ఉంటుంది. ఇప్పుడు బొమ్మంతా కాస్త ఎడమకి జరగాలనుకోండి. అందరికీ తోచే దారి ఒకటే: ప్రతి చుక్కనీ దాని చోటునుంచి తీసి పక్కచోటులో పెట్టడం.

1982లో బ్రిటన్‌లో వచ్చిన సింక్లేర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ని తీసుకుందాం. మన దేశంలో డెసిబెల్స్ అనే సంస్థ దీన్నే డీబీ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మింది. దాని తెర 256 చుక్కల వెడల్పు, 192 చుక్కల ఎత్తు. బైటుకి ఎనిమిది చుక్కల చొప్పున మొత్తం 6,144 బైట్లు. రంగుల కోసం ఇంకో 768. లోపల ఉన్న జెడ్80 ప్రాసెసర్ సెకనుకి సుమారు 35 లక్షల టిక్కులు కొడుతుంది. తెర ఒకసారి గీసి ముగించేలోపు దానికి దొరికేవి 69,888 టిక్కులు. బైట్లని వరసగా ఒకచోటునుంచి ఇంకోచోటికి మార్చడానికి జెడ్80లో ప్రత్యేకంగా ఒక ఆదేశం ఉంది. అది ఒక్కో బైటుకి 21 టిక్కులు తింటుంది. 6,144ని 21తో హెచ్చవేస్తే 1,29,024. అంటే తెర ఒకసారి గీసే వ్యవధిలో ఈ పని సగం మాత్రమే అవుతుంది. వేరే పనులన్నీ ఆపేసినా ఇంతే. డేవ్ ఎగరాలి, శత్రువు తిరగాలి, కీబోర్డు చూడాలి, శబ్దం చెయ్యాలి. వాటికి టిక్కులేవీ?

ఇంకో చిక్కుంది. బైటుకి ఎనిమిది చుక్కలు కాబట్టి బైట్లని జరిపితే బొమ్మ ఒకేసారి ఎనిమిది చుక్కలు దూకుతుంది. ఒక్కో చుక్క చొప్పున జరగాలంటే ప్రతి బైటు లోపలి బిట్లనీ తిప్పాలి. అది ఇంకా నెమ్మది. పైగా మనం సగం తెర జరిపేసరికి వీడియో చిప్ అక్కడిదాకా గీసుకుంటూ వచ్చేస్తే, పై సగం కొత్త చోట, కింది సగం పాత చోట కనబడుతుంది. చిరిగిన పోస్టర్‌ని తప్పుగా అతికించినట్టు. అందుకే స్పెక్ట్రమ్ ఆటల్లో చాలావాటిలో తెరలో కొంత భాగం మాత్రమే కదిలేది, లేదా ఒక గదినుంచి ఇంకో గదిలోకి మొత్తం బొమ్మ ఒక్కసారిగా మారిపోయేది.

గళ్ల దారి

మారియో డబ్బా ఈ లెక్క జోలికే పోలేదు. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి మన బజారు డబ్బాలన్నీ నకళ్లు. దాని తెర బిట్‌మ్యాప్ కాదు. 32 అడ్డం, 30 నిలువు, మొత్తం 960 గళ్లు. ఒక్కో గడిలో ఎనిమిది చుక్కలకి ఎనిమిది చుక్కల చిన్న బొమ్మ. మెమరీలో ఉండేది బొమ్మలు కాదు, ‘ఈ గడిలో ఫలానా నంబరు బొమ్మ’ అనే పట్టిక. ఇలాంటివి రెండు తెరలకి సరిపడా పట్టికలు ఉంటాయి. దానికి తోడు, ఎన్నో చుక్కనుంచి చూపించాలో చెప్పే రిజిస్టర్ ఒకటి ఉంది. రిజిస్టర్ అంటే చిప్ లోపల ఒక సంఖ్య పట్టే చిన్న అర. అందులో సంఖ్యని ఒకటొకటిగా పెంచుతూ పోతే పటం జారుతుంది. కనబడని పక్కన కొత్త గళ్ల వరస రాసి పెట్టుకుంటే చాలు. మారియో కొండలు అందుకే నున్నగా జారాయి. ఆ డబ్బాకి లెక్కలు బాగా రావడం వల్ల కాదు, పటం చుట్టడం ఒక్కటే దానికి పుట్టుకతో వచ్చు.

1982 నాటి కమడోర్ 64 కూడా ఈ దారిదే. దాని వీడియో చిప్‌లో మూడేసి బిట్లు అడ్డానికీ, నిలువుకీ కేటాయించారు. మూడు బిట్లతో సున్నా నుంచి ఏడు దాకా లెక్కపెట్టవచ్చు. ఏడు చుక్కల దాకా చిప్పే జరుపుతుంది. ఎనిమిదో చుక్కకి ప్రోగ్రామర్ పూనుకుని 1,000 గళ్ల పట్టికని ఒక గడి జరపాలి. వెయ్యి బైట్లు మోయలేని బరువేం కాదు. కానీ అదే యంత్రంలో బిట్‌మ్యాప్ వాడితే బొమ్మకే 8,000 బైట్లు. అక్కడ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఆ రోజుల్లో ఆటలు రాసేవాళ్లకి రెండే దారులు కనబడేవి: గళ్లు వాడి నున్నగా జరుపుకో, లేదా బిట్‌మ్యాప్‌లో అందంగా గీసి కదలకుండా ఉంచు.

పన్నెండు, పదమూడు

మూడో దారి ఒకటుంది. దాన్ని చూపించిన యంత్రం మన దేశపు బడుల్లోకి కూడా వచ్చింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం మొదలుపెట్టి, సుమారు 250 బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఇది బ్రిటన్‌లో ఏకార్న్ సంస్థ, బీబీసీ టీవీ వాళ్ల కంప్యూటర్ పాఠాల కోసం 1981లో తయారుచేసిన యంత్రం.

దాని మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. మంచి బిట్‌మ్యాప్ తెర కావాలంటే అందులో 20 కిలోబైట్లు తెరకే పోతాయి. ప్రాసెసర్ 6502. ఇంత పెద్ద తెరని చేత్తో మోయడం దానికి అయ్యే పని కాదు. కానీ తెరకి సంకేతాలిచ్చే చిప్ 6845. దాని రిజిస్టర్లలో 12వది, 13వది కలిపి ఒకే సంగతి చెబుతాయి: తెర మీద మొట్టమొదటి గడి మెమరీలో ఎక్కణ్ణుంచి మొదలవ్వాలి.

ఆ సంఖ్యని ఒకటి పెంచితే తెర మొత్తం ఒక గడి ఎడమకి జరుగుతుంది. ఒక వరసకి సరిపడా పెంచితే మొత్తం ఒక వరస పైకి జరుగుతుంది. మెమరీ చివరికి వెళ్లిపోతే, తెర మెమరీ మొదటికి తిప్పి తెచ్చే ఏర్పాటు కూడా ఉంది. 20 కిలోబైట్ల తెరలో 80 నిలువు పట్టీలు, ఒక్కో పట్టీ 256 బైట్లు. తెర పక్కకి ఒక గడి జరిగితే కొత్తగా గీయాల్సింది ఆ ఒక్క పట్టీ. 20,480 బైట్ల చోట 256 బైట్లు, అంటే ఎనభయ్యో వంతు పని. కూనపులివాళ్ల పటం అచ్చంగా ఇదే.

నిలువుగా మాత్రం ఒక్కో జరుగుడు ఎనిమిది గీతల మేర ఉంటుంది కాబట్టి కుదుపు తప్పదు. దానికీ ఉపాయం పన్నినవాళ్లున్నారు. 1987లో వచ్చిన ‘ఫైర్‌ట్రాక్’ అనే ఆట, తెర గీస్తుండగానే మధ్యలో 6845 లెక్కలు మార్చేసి, ఒకే తెరని రెండు తెరల్లా నమ్మించి, ఒక్కో గీత చొప్పున నేలని కిందికి జార్చింది. చిప్ తయారుచేసినవాళ్లు ఊహించని పని అది.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. 1981 నాటి ఐబీఎమ్ పీసీలో రంగుల తెర కోసం పెట్టిన సీజీఏ కార్డులో ఉన్నదీ ఈ 6845 చిప్పే. అంటే ‘ఎక్కణ్ణుంచి మొదలవ్వాలి’ అనే 12, 13 రిజిస్టర్లు పీసీలోనూ మొదటినుంచీ ఉన్నాయి. మరి డేవ్ ఎందుకు ఆగాడు? సీజీఏ కార్డు మెమరీ 16 కిలోబైట్లు, అంటే 16,384 బైట్లు. నాలుగు రంగుల తెరకే 16,000 బైట్లు కావాలి. కనబడని కొత్త పట్టీని ముందే గీసి దాచుకోడానికి చోటు లేదు. ఒకసారికి ఎనిమిది చుక్కల కంటే తక్కువ జరపడానికీ వీల్లేదు. డేవ్ ఆట సీజీఏ ఉన్న పీసీల మీద కూడా నడవాలి. అందుకే అంచుదాకా వచ్చి ఆగేవాడు.

డేవ్‌ని సృష్టించింది జాన్ రొమేరో. మొదట 1988లో ఆపిల్ టూ కోసం రాసి, తరవాత డాస్‌కి తెచ్చాడు. అతను పనిచేసింది అమెరికాలో లూసియానా రాష్ట్రం, ష్రీవ్‌పోర్ట్‌లోని సాఫ్ట్‌డిస్క్ సంస్థలో. అక్కడే అతని సహోద్యోగి జాన్ కార్మాక్, అప్పటికి ఇరవయ్యేళ్లవాడు, ఈ ప్రశ్ననే పట్టుకున్నాడు. 1984లో ఐబీఎమ్ తెచ్చిన ఈజీఏ కార్డులో మెమరీ 256 కిలోబైట్ల దాకా పెంచుకోవచ్చు. అందులోనూ అవే 12, 13 రిజిస్టర్లు. దానికి తోడు సున్నా నుంచి ఏడు చుక్కల దాకా జరిపే ఇంకో రిజిస్టర్. కార్మాక్ తెర కంటే కొంచెం పెద్ద బొమ్మ గీసి పెట్టుకుని, చుట్టూ ఉన్న ఆ అదనపు చోటులో కిటికీని మాత్రమే జరిపాడు. అదనపు చోటు అయిపోయినప్పుడు బొమ్మనంతా మళ్లీ గీయకుండా, పాత గడికీ కొత్త గడికీ తేడా ఉన్నచోట మాత్రమే గీశాడు. ఆకాశం పక్కన ఆకాశమే ఉంటే గీయడమెందుకు?

1990 సెప్టెంబరులో ఒక రాత్రి కార్మాక్, టామ్ హాల్ కలిసి ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ మొదటి అంకాన్ని పీసీ మీద దించారు. మారియో స్థానంలో ఎవర్ని పెట్టారనుకుంటున్నారు? డేవ్‌నే. మారియో నేల మీద డేవ్ నున్నగా జారుతూ పరుగెత్తాడు. పొద్దున్నే వచ్చి చూసిన రొమేరోకి అప్పుడే తెలిసిపోయింది, ఇక ఆ ఉద్యోగంలో ఉండే పని లేదని. అదే ఉపాయంతో ‘కమాండర్ కీన్’ 1990 డిసెంబరు 14న విడుదలైంది. మరుసటి ఏడాది వాళ్లు పెట్టుకున్న సంస్థ పేరు ఇడ్ సాఫ్ట్‌వేర్.

అక్షరం కూడా బొమ్మే

ఇదంతా ఆటల గొడవ కదా, మనకేం పని అనిపించవచ్చు. పని ఉంది. ఆ కాలపు కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరం గడిలో కూచునేది. పీసీ తెర మీద అడ్డం 80, నిలువు 25 గళ్లు. గడికి రెండు బైట్లు, అక్షరం నంబరు ఒకటి, రంగు ఒకటి. మొత్తం 4,000 బైట్లు. పేజీ ఒక వరస పైకి జరగాలంటే ఆ 4,000 బైట్లు జరిపితే సరి. గళ్ల దారి అనేది మారియోకి ఎంత సుళువో ఇంగ్లీషుకీ అంతే సుళువు.

తెలుగుకి ఆ గళ్లలో చోటు లేదు. కార్డులో ముందే చెక్కి ఉంచిన 256 బొమ్మల్లో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. బీబీసీ మైక్రోలో మన సొంత అక్షరాలు చేసుకోవచ్చుగానీ, అవి ఎనిమిది చుక్కలకి ఎనిమిది చుక్కల్లోనే ఇమడాలి. ‘స్త్రీ’ అనే అక్షరాన్ని ఎనిమిది గీతల్లో రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, మధ్యలో సకారం, కింద తవత్తు, రవత్తు. ఎవరిని వదిలేద్దాం?

కాబట్టి తెలుగు కనబడాలంటే తెరని బిట్‌మ్యాప్‌లోకి మార్చి, ప్రతి అక్షరాన్నీ బొమ్మగా గీయాల్సిందే. వీజీఏ తెర మీద 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు, 16 రంగులంటే 1,53,600 బైట్లు. ఇంగ్లీషు పేజీ జరపడానికి 4,000 బైట్లు, తెలుగు పేజీ జరపడానికి 1,53,600. ముప్పై ఎనిమిది రెట్లు. తెలుగులో టైపు చేస్తే పేజీ ఎందుకు ఈడ్చుకుంటూ కదిలేదో ఇప్పుడు తెలిసిందా? మన లిపి కష్టమైనదనీ, కంప్యూటర్‌కి పనికిరాదనీ అప్పట్లో చాలామంది నోట విన్నాను. లిపిది తప్పేం లేదు. గళ్లు ఇంకొకరి అక్షరాల కొలతకి చేసినవి.

ఆ గళ్లు విప్పి చూసినవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. ఎనభైల్లో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, 1988లో ఏర్పడిన సీడాక్ సంస్థలో పెరిగిన జిస్ట్ కార్డు ఈ చిక్కుకి ఒక విడుపు. దాన్ని పీసీలో తగిలిస్తే, ప్రోగ్రామ్ మాత్రం ఎప్పటిలాగే గళ్లలో అక్షరాల నంబర్లు రాసుకుంటుంది. ఆ నంబర్లని చదివి, గుణింతాలు, వత్తులు కలిపి, ఆకారం గీసి తెరమీద పెట్టే పని కార్డుది. ఇంగ్లీషు కోసం రాసిన డాస్ ప్రోగ్రాముల్లో తెలుగు కనబడింది. దాచేది ధ్వని, చూపేది ఆకారం, రెండూ వేరు అన్న ఈ ఆలోచనే 1991లో ఇస్కీ ప్రమాణంగా స్థిరపడింది. యూనికోడ్‌లో తెలుగు కోసం ఉన్న పట్టిక కూడా ఆ బాటలోదే.

ఖేడ్‌లో ఏం లేదు?

మళ్లీ మా ఊరికి వస్తాను. మాకు నేర్పింది డాస్ ఆదేశాలు, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్. వాటితో ఉద్యోగాలొచ్చినవాళ్లున్నారు, తక్కువ చెయ్యను. అయితే అదే యంత్రంలో క్యూబేసిక్ కూడా ఉండేది. 1991లో ఎమ్మెస్ డాస్ 5తో వచ్చింది. దాంతోపాటు ‘గొరిల్లా’, ‘నిబుల్స్’ అనే రెండు ఆటలు, వాటి పూర్తి కోడ్‌తో సహా. ఎఫ్5 నొక్కితే ఆట, ఆపితే అదే తెరమీద ఆట గుట్టు.

గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో చుక్కలు నింపి ‘ఖేడ్’ అని రాసుకుని, దాన్ని క్యూబేసిక్‌లో గీసి, తెర మీద కుడినుంచి ఎడమకి నడిపించాలని నేను కొన్నాళ్లు కూర్చున్నాను. టీవీలో వచ్చినట్టు రావాలని ఆశ. గెట్ అనే ఆదేశంతో బొమ్మని ఎత్తి, పుట్ అనే ఆదేశంతో పక్కన పెట్టాలి. అక్షరం కదిలింది గానీ వణుక్కుంటూ, మినుకుమంటూ కదిలింది. సారు వెనకనుంచి చూసి, “గివన్ని పరీక్షల రావు బిడ్డా, డీబేస్ చెయ్యి” అన్నడు. ఆయన కోపంతో అన్లేదు, ఉన్నమాటే అన్నడు.

చాలా ఏళ్లకి తెలిసింది ఇది. వీడియో చిప్ తెర గీయడం ముగించి మళ్లీ పైకి వెళ్లే క్షణం కోసం ఆగమని చెప్పడానికి క్యూబేసిక్‌లో ఒక్క వరస చాలు. 12, 13 రిజిస్టర్లలో సంఖ్య మార్చడానికి ఇంకో రెండు మూడు వరసలు. వీజీఏలోనూ ఆ నంబర్లు మారలేదు. అంటే ష్రీవ్‌పోర్ట్‌లో కార్మాక్ ముందున్న కిటికీయే నారాయణఖేడ్‌లో గుడ్డ కింద కూడా ఉంది. యంత్రం తేడా కాదు, కరెంటు తేడా కూడా కాదు. ఆ నంబర్లు రాసి ఉన్న పుస్తకం అక్కడ ఉంది, ఇక్కడ లేదు. బీబీసీ మైక్రో వాడినవాళ్లకి వీడీయూ 23 అనే ఆదేశంతో బేసిక్ నుంచే 6845ని తాకే వీలుంది. మాకు పీసీ అంటే పైనుంచి దిగివచ్చిన సంపూర్ణ వస్తువు. దాన్ని వాడాలి, చెడగొట్టకూడదు. డేవ్ ఎందుకు ఆగుతాడని అడగాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అడిగితే జవాబు ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

పేదరికం అంటే వస్తువు లేకపోవడం అనుకుంటాం. వస్తువు ఎదురుగా ఉండి, దాని లోపలికి దారి ఉందని తెలియకపోవడం ఇంకో రకం పేదరికం. కంప్యూటర్ల పంపకం లెక్కల్లో అది కనబడదు.

ఈ వ్యాసాన్ని మీరు ఫోన్‌లో చదువుతుంటే, వేలితో పైకి తోసినప్పుడల్లా తెలుగు పేజీ నున్నగా జారుతోంది. ఫోన్ కూడా ప్రతి కదలికకీ అక్షరాలన్నిటినీ మళ్లీ గీయదు. పేజీని ముక్కలుగా గీసి పక్కన పెట్టుకుని, ఏ ముక్క ఎక్కణ్ణుంచి కనబడాలో మాత్రం మారుస్తుంది. కొత్త ముక్క అంచుకి వచ్చినప్పుడు దాన్నొక్కదాన్నే గీస్తుంది.

మీ ఇంట్లో కుతూహలం ఉన్న పిల్లలుంటే ఒక పని చెయ్యండి. బీబీసీ మైక్రోని అనుకరించే ఎమ్యులేటర్లు ఇప్పుడు బ్రౌజర్లోనే ఉచితంగా నడుస్తున్నాయి. మోడ్ 1లోకి వెళ్లి, ఏదైనా బొమ్మ గీయించి, 13వ రిజిస్టర్లో 1 అనే సంఖ్య పెట్టించండి. తెర మొత్తం ఒక గడి ఎడమకి జరుగుతుంది. మెమరీలో ఎన్ని బైట్లు కదిలాయో వాళ్లనే చెప్పమనండి. జవాబు సున్నా.